దొంగ మందూ, కాంపౌండరు గారి కల్వమూ

నేను దొంగనని మొట్టమొదట తేల్చిన మనిషి మా నాన్న. ఇంట్లో తేల్చినా బాగుండేది, నర్సీపట్నం బస్టాండులో తేల్చాడు. తుని బస్సు కోసం నిలబడ్డప్పుడు, కొత్త ఉద్యోగంలో నేను చేసే పనేమిటని అడిగాడు. చేరి నెల కూడా కాలేదు, ఉత్సాహం పొంగిపొర్లుతోంది, పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన అంతా విని, చేతిలో గొడుగు నేలకి తాటించి, "అంటే దొంగతనమన్నమాట" అన్నాడు. పక్కన కొండచీపుర్ల మోపులు పెట్టుకుని కూర్చున్న ఏజెన్సీ ఆడవాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, మోపుల్ని కాస్త దగ్గరికి లాక్కున్నారు.

తొంభైల నడిమి సంగతి ఇది. విశాఖపట్నంలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి వచ్చి, పాయకరావుపేట అవతల హైవే పక్కనున్న ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాను. మందులంటే మాత్రలు, సీసాలు కాదు. మాత్రల్లోకి వెళ్ళే అసలు పొడి. మేం పొడి చేసి డ్రమ్ముల్లో పంపేస్తే, దాన్ని మాత్రలుగానో గొట్టాలుగానో, అంటే క్యాప్సూళ్ళుగానో, చేసి, మీద పేరు వేసుకుని అమ్మేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు.

అప్పటి మన చట్టం భలే చట్టం. మందుకి పేటెంటు లేదు, ఆ మందు చేసే పద్ధతికే ఉంది. పులిహోర ఎవడి సొత్తూ కాదు, చింతపండు పులుసుతో కలిపే పద్ధతి మాత్రం ఫలానావాడిది. నువ్వు నిమ్మకాయ పిండి కలుపుకో, దబ్బకాయ పిండి కలుపుకో, ఎవడూ అడగడు. కాకపోతే తిన్నవాడికి రుచిలో వెంట్రుకవాసి తేడా తెలియకూడదు. ఆ వెంట్రుకవాసి పనికే నాకు జీతం. విదేశీ కంపెనీ ఒక మందు కనిపెట్టి, దాన్ని ఎలా చేస్తారో పేటెంటులో రాసుకుంటుంది. మా ల్యాబు ఆ కాగితాలు ముందేసుకుని, ఆ దారి తొక్కకుండా అదే మందు దగ్గరికి ఎలా చేరాలా అని తలలు బద్దలు కొట్టుకుంటుంది. 2005లో చట్టం మారి మందుకే పేటెంటు వచ్చింది, ఆ విద్య అటకెక్కింది. ఇప్పటి పిల్లలకి చెబితే ముసలి కన్నగాడు పాత కన్నాల కథ చెబుతున్నట్టు నవ్వుతూ వింటారు.

మా నాన్న ఒక మిషన్ ఆసుపత్రిలో జీవితమంతా కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. మా చర్చిలో సంఘపెద్ద. ఈ రెండు ఉద్యోగాల్లోనూ ఆయనకి తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఊరు కూడా కాస్త నమ్మేది. డాక్టరు రాసిన చీటీ పట్టుకుని ముందు మా ఇంటి అరుగు మీదికి వచ్చి, ఆయన చూసి తల ఊపాకే మెడికల్ షాపుకి వెళ్ళేవాళ్ళు ఉండేవారు.

ఆ రోజు బస్టాండులో నేనూరుకోలేదు. "నాన్నా, ఇక్కణ్ణించి వైజాగు తాళ్ళపాలెం మీంచీ ఎల్లొచ్చు, చోడవరం మీంచీ ఎల్లొచ్చు. ఆళ్ళు తాళ్ళపాలెం దారి మాదన్నారు. సరే, మేం చోడవరం మీంచి ఎల్తాం. తప్పేటి?"

"వైజాగు ఉందని నీకు సెప్పిందెవడు?" అన్నాడాయన.

"అదేటి?"

"ఆడు ఎతికి ఎతికి ఎల్లి, అక్కడో ఊరుందని సెప్పకపోతే, నువ్వు చోడవరం దాటేదానివేటి? రోలుగుంటలోనే తిరుగుతుండేదానివి. దొంగిలకూడదన్న ఎనిమిదో ఆజ్ఞ సిన్నప్పుడు సండే స్కూల్లో సెప్పించేను, గుర్తుందా?"

బస్సొచ్చింది, ఎక్కేశాను. ఒళ్ళు మండిపోయింది. తుని దాకా జవాబు వెతుక్కున్నాను, దొరకలేదు. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ దొరకలేదు.

ఆ బస్సులో నా పరువు అంతంత మాత్రమే. గంధకం కలిసిన సరుకుతో పని. ఎన్ని నీళ్ళు పోసుకున్నా జుట్టులోంచి కుళ్ళిన ఉల్లిపాయ వాసన పోదు. సాయంత్రం బస్సెక్కితే నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ. ఎంత రద్దీ ఉన్నా జనం కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్ళు గాని నా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. కండక్టరు మర్యాదస్తుడు. వెనకాల కిటికీ పక్క సీటు నాకోసం ఉంచి, "మేడం గారండీ, కిటికీ పూర్తిగా తీసేయండి" అనేవాడు. వానాకాలంలోనూ అదే మాట. నాకు సంబంధాలు రాకపోవడానికి కారణం చదువని బంధువులు అనుకునేవారు. కారణం ఉల్లిపాయ.

మా ల్యాబు పెద్దాయన ఒక వింత జీవి. ఆయన సిద్ధాంతం ఒకటే: "ముందు మార్చెయ్యమ్మా, తర్వాత అర్థం చేసుకుందువు గాని." పేటెంట్ల జెరాక్సు కాగితాలు కళ్ళద్దాలు నెత్తిమీదికి నెట్టుకుని చదివేవాడు. వాటి ఇంగ్లీషు సంగతి చెప్పాలి. పేటెంటు రాసేవాడు రహస్యం లోకానికి విప్పి చెప్పాలి, చెప్పినందుకే హక్కు ఇస్తారు. కానీ ఎవడికీ చేతకాకుండా చెప్పాలి. అందుకని "తగిన ద్రావణిలో, తగినంత వేడి మీద, తగినంతసేపు" అని రాస్తాడు. మా అమ్మమ్మ ఆవకాయ కూడా అలాగే చెప్పేది, తగినంత ఉప్పు, తగినంత నూనె. కోడళ్ళెవరికీ ఆ ఆవకాయ కుదరలేదు. ఆవిడ పోతూ పోతూ ఆ తగినంతని తనతోనే పట్టుకుపోయింది.

నాకు అప్పగించిన మందు ఒమెప్రజోల్. కడుపులో ఆమ్లం ఊరకుండా ఆపేది, పుండు మానడానికి ఇచ్చేది. దాన్ని చేయడంలో ఆఖరి మెట్టే అసలు తిప్పలు. తయారైన సరుకులో ఒక గంధకం పరమాణువు ఉంటుంది, దానికి ఒక్క ఆక్సిజన్ తగిలించాలి. ఒకటి తగిలితే మందు, రెండోది కూడా తగిలితే చెత్త. అరిసెల పాకం దించడమంత సున్నితం, రెప్పపాటు ఆలస్యమైతే రాయి. పేటెంటువాళ్ళు ఆ మెట్టుకి ఒక ఖరీదైన ఆమ్లం వాడారు, అది మేం ముట్టుకోకూడదు. ఇంకో చిక్కు. ఈ మందుకి పులుపంటే పడదు. ఆమ్లం తగిలిందా, తెల్లటి పొడి కాస్తా కళ్ళముందే ఎర్రబారి, కందిపోయి, నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. మొదటి ఏడాది నేను చేసింది మందు కాదు, నేరేడు రసం. పెద్దాయన ఫ్లాస్కు వెలుతురుకి ఎత్తి చూసి, "బాగుందమ్మా, చీరలకి అద్దుదామా?" అనేవాడు.

చివరికి పని చేసింది ఏమిటో చెబితే నవ్వుతారు. పంచాయతీవాళ్ళు బావుల్లో కలిపే బ్లీచింగు పౌడరుకి తోబుట్టువు లాంటి ద్రవం. దాన్ని మంచులో చల్లబెట్టి, క్షారం కలిపి, చుక్క చుక్కగా వదిలితే ఒక్క ఆక్సిజన్ బుద్ధిగా వచ్చి కూర్చుంది. పొడి తెల్లగా, మల్లెపువ్వులా వచ్చింది. ఫ్లాస్కు పట్టుకుని ల్యాబంతా గంతులేశాను. కంపెనీ వెంటనే ఆ పద్ధతి మీద పేటెంటుకి దరఖాస్తు పెట్టింది. కనిపెట్టినవాళ్ళ పేర్లలో మేనేజరుగారి పేరు ముందు, పెద్దాయన పేరు తర్వాత, మంచు దగ్గర ఒక్కపూటయినా నిలబడని ఇంకో ఇద్దరి పేర్లు ఆ తర్వాత, నా పేరు అట్టడుగున. అయినా సంతోషంగా ఇంటికి పరిగెత్తి చెప్పాను.

మా నాన్న పేపరు మడిచి, "పోరంబోకు ఆక్రమించి, ఇల్లు కట్టి, దానికి పట్టా కూడా అడిగేరన్నమాట. ఆర్డీవో ఆఫీసులో రోజూ సూసే యవ్వారమే" అన్నాడు.

"పిల్ల అంత సంబరంగా ఒస్తే ఏటా మాట?" అని మా అమ్మ వంటింట్లోంచి గరిటె ఊపింది. "ముందు దానికి తలంటి పోస్తాను ఉండండి, ఇల్లంతా ఉల్లికంపు."

దేవుడికి హాస్యం ఎక్కువని నా అనుమానం. ఆ ఏడాదే మా నాన్నకి కడుపునొప్పి మొదలైంది. ఆయన ముందు ఎవరికీ చెప్పలేదు. వంటసోడా నీళ్ళలో కలుపుకుని తాగి, బ్రేవుమని త్రేన్చి, "గ్యాసు" అనేవాడు. తర్వాత అన్నం తగ్గించాడు. నిలబడి ప్రార్థన చేస్తూ మధ్యలో కడుపు పట్టుకుని కూర్చుండిపోయేవాడు, సంఘం అది ఆత్మీయ భారమని అనుకునేది. చొక్కాలు వదులైపోయాక మా అమ్మ పోరు పడలేక ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూస్తే కడుపులో పుండు. డాక్టరు రాసిచ్చిన మందు ఒమెప్రజోల్.

మెడికల్ షాపువాడిచ్చిన గొట్టాల అట్ట ఆయన చదివాడు. చదివి, తలెత్తి, నన్ను చూశాడు.

"ఇది మీదేనా?"

"పొడి మాదే అయ్యుంటాది. ఎవరిదైనా పన్జేసేది ఒకేలాగ. మింగు నాన్నా."

"దొంగసొమ్ము నా గొంతు దిగదు."

"నీకు పుండుంది!"

"ఉంటే ఉంది. ఇన్నేళ్ళు సంఘానికి ఆజ్ఞలు సెప్పి, ఇప్పుడు కడుపు నొప్పెట్టిందని మింగీమంటావా?"

నేను అరిచాను, ఆయన అరవలేదు, ఆ అరవకపోవడమే నాకు ఇంకా మంట. మా అమ్మ ఏడ్చింది. అయ్యగారిని, అంటే మా పాస్టరుగారిని, పిలుచుకొస్తే ఆయన అరగంట ప్రార్థన చేసి, కాఫీ తాగి, "కాంపౌండరుగారిది లేత మనస్సాక్షి" అని మెచ్చుకుని వెళ్ళాడు. మెచ్చుకోమని పిలిచామా? గీటు దాటని మనిషి మా నాన్న, ఏంచేయగలం. కానీ ఆయన సన్నబడుతుంటే నాకు భయమేసేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లోకంలో ఎవరెవరి కడుపులో పుండ్లో మానిపించే పొడి చేసి, సొంత తండ్రికి ఒక్క గొట్టం మింగించలేకపోయానే అని కుమిలిపోయేదాన్ని.

మా అమ్మ మాత్రం అట్టలు తెప్పించడం మానలేదు. అవి బల్ల మీద ఉండేవి, మర్నాటికి అట్టలో గూళ్ళు ఖాళీగా కనిపించేవి. ఆయన పారేస్తున్నాడని మేం అనుకున్నాం. ఎక్కడ పారేస్తున్నాడో చూద్దామని మా అమ్మ పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో కూడా వెతికింది.

ఒక ఉదయం ఆయన పళ్ళు తోముకుంటూ కాఫీపొడి కలిపినట్టున్న నల్లటి వాంతి చేసుకుని, నూతి గట్టు మీద ఒరిగిపోయాడు. పుండులోంచి రక్తం కారుతోందన్నమాట. జీపు మాట్లాడుకుని విశాఖపట్నం తీసుకెళ్ళాం. తాళ్ళపాలెం మీంచే వెళ్ళాం, దగ్గర దారి అదే. దారి పొడుగునా మా అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కీర్తనలు గొణుగుతోంది. నేను ఆ విదేశీ కంపెనీనీ, మా మేనేజరునీ, ఎనిమిదో ఆజ్ఞనీ వరసపెట్టి తిట్టుకున్నాను.

రక్తం ఎక్కించారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, గండం గడిచింది. మర్నాడు ఆయన బట్టలకోసం నేను ఒక్కదాన్నే ఇంటికొచ్చాను. ఆయన అలమర తెరిస్తే పంచెల వెనకాల ఒక సీసా కనిపించింది. పాతకాలం మిక్చరు సీసా. దానికి నిలువునా ఒక కాగితం ముక్క అంటించి ఉంది, మోతాదుకొక గాటు పెట్టి, మెట్లు మెట్లుగా కత్తిరించి. ఆసుపత్రుల్లో కాంపౌండర్లు అలా అంటించేవారు, పూటకి ఒక గాటు దాకా తాగాలని. పక్కన మందులు నూరే పింగాణీ కల్వం, పొత్రం. రిటైరైనప్పుడు ఆసుపత్రివాళ్ళు ఆయనకి ఇచ్చిన కానుక అది. సీసా అడుగున రెండు గాట్లకి సరిపడా ద్రవం మిగిలి ఉంది.

దాని రంగు నేరేడుపండు రంగు.

ఆ రంగు నేను పుట్టుకతో ఎరిగినంత బాగా ఎరుగుదును. ఏడాదంతా ఫ్లాస్కుల్లో నన్ను ఏడిపించిన రంగు. అలమర ముందు నేల మీద కూలబడ్డాను. ఆయన గొట్టాలు పారేయలేదు. తాగాడు. నవ్వాలో ఏడవాలో తెలియక, ముందు కాస్త ఏడ్చి, సీసా బ్యాగులో పెట్టుకుని మళ్ళీ వైజాగు బస్సెక్కాను.

ఆసుపత్రిలో ఆయన దిండుకి ఆనుకుని గంజి తాగుతున్నాడు. సీసా తీసి మంచం మీద పెట్టాను.

"ఇదేటి నాన్నా?"

"మిక్చరు" అన్నాడు, దొరికిపోయినవాడి మొహంతో.

"దేంతో కలిపేవు?"

"నీ మందే. గొట్టం ఇప్పి, లోపల గింజలు కల్వంలో ఏసి మెత్తగా నూరి, పంచదార పాకంలో కలిపేను. సిటికెడు నిమ్మఉప్పు ఏసేను, నిలవుంటాదని. మా దొరసాని డాక్టరమ్మ గారి కాలంనించీ ఏ మిక్చరైనా అలాగే."

"మింగనని సెప్పేవు కదా?"

"మింగలేదు. తాగేను."

మా అమ్మ గంజి గిన్నె అందుకుని బల్ల మీద పెట్టేసింది. "ఓలమ్మో" అంది.

"మరి దొంగసొమ్ము కాదేటి?" అన్నాను.

ఆయన దిండు సర్దుకున్నాడు. ఒంట్లో ఓపిక లేకపోయినా వాదనకి మాత్రం ఓపిక ఉంది. "ఆళ్ళ పద్ధతి నువ్వు మార్సేవు, మారిస్తే దొంగతనం కాదన్నావు. సరే, నీ మాటే ఒప్పుకున్నాను. నీ పద్ధతి నేను మార్సేను. ఇప్పుడిది మీదీ కాదు, ఆళ్ళదీ కాదు. నా సేత్తో నేను సేసుకున్న మందు."

అన్ని నెలలు నేను జవాబు చెప్పలేకపోయిన మనిషి, నా వాదననే నూరి పాకంలో కలిపి తాగేశాడు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఇంత ఎత్తున కోపం వచ్చింది. నర్సమ్మ వచ్చి చూసేంత గట్టిగా మాట్లాడాను. "ఆ గింజలు ఊరికే గింజలు కావు నాన్నా. ఒక్కో గింజ మీద పూత ఉంటాది. కడుపులో పులుపు తగలకుండా కాసుకుని, పేగులోకి ఎల్లేక కరిగే పూత. నువ్వు నూరేవు, పూత పోయింది. సాలదన్నట్టు నిమ్మఉప్పేసేవు. మందు సీసాలోనే సచ్చిపోయింది. ఈ రంగు సూడు, ఇది మందు శవం. ఇన్నాళ్ళూ నువ్వు తాగింది రంగునీళ్ళు!"

ఆయన సీసా చేతిలోకి తీసుకుని కిటికీ వైపు ఎత్తి చూశాడు.

"మొదటి మోతాదు నించీనా?"

"మొదటి మోతాదు నించీ."

సీసా దించి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను గెలిచాను గాని, అంత చేదు గెలుపు నాకు మళ్ళీ రాలేదు. పాపం, ఆజ్ఞ, దొంగసొమ్ము, ఇవేవీ ఆయన్ని అలా గోడవైపు తిప్పలేదు. ఆయన కలిపిన మందు పనిచేయలేదన్నదే తిప్పింది. మా ప్రాంతంలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఆయన చేతి మిక్చరు తాగి లేచి తిరిగారో. తనకి తాను కలుపుకున్నదే విషం కాకపోయినా విషంలాంటిదై కూర్చుంది.

సాయంత్రం నర్సమ్మ గొట్టం తెచ్చిస్తే నోరు తెరిచాడు. నీళ్ళు తాగాడు. గుటక వేశాడు. మా అమ్మా నేనూ ఆయన గొంతు వంకే చూస్తూ నిలబడ్డాం. "ఏటలా సూస్తారు, మింగేనులే" అన్నాడు. ఆ రోజునించి పూట తప్పలేదు. నెలలు గడిచేసరికి పుండు మానింది, ముఖాన కళ వచ్చింది, చొక్కాలు మళ్ళీ ఒంటికి సరిపోయాయి.

మా చర్చిలో ఒక ఆచారం ఉంది. జబ్బునుంచి లేచినవాళ్ళు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. దానికొక వరస ఉంది. ముందు దేవుడికి స్తోత్రం, తర్వాత అయ్యగారికి, తర్వాత ఉపవాసం ఉండి ప్రార్థించిన స్త్రీల సమాజానికి వందనాలు. డాక్టర్లను దేవుడు వాడుకున్నాడని ఆఖర్న ఒక మాట అంటే అనొచ్చు. మందు ఊసెత్తకూడదు. ఎత్తితే మహిమ పంచినట్టు. ఆ సాక్ష్యాల బాధ్యత సంఘపెద్దగా మా నాన్నది, వరస ఎవరైనా తప్పితే వెనకనుంచి దగ్గి గుర్తుచేసేది ఆయనే. మందు పేరెత్తిన ఒక పెద్దావిణ్ణి ఒకసారి ఆయన దగ్గుతో కూర్చోబెట్టేశాడు.

ఆయన సాక్ష్యం చెప్పే ఆదివారం నేను ముందు వరసలో కూర్చున్నాను. నాకేం ఆశల్లేవు. నా గురించి ఒక్క ముక్క కూడా రాదని తెలుసు. తెలిసీ ఎందుకో ఇస్త్రీ చీర కట్టుకున్నాను.

"నా పుండు మానింది. దేవునికి స్తోత్రం" అన్నాడు. "స్తోత్రం" అంది సంఘం. అయ్యగారికి, స్త్రీల సమాజానికి వందనాలు చెప్పాడు. అక్కడ కూర్చోవాలి. కూర్చోలేదు.

"ఇంకొక మాట. మా పాప ఫ్యాక్టరీలో దొంగతనం సేస్తాది."

అయ్యగారి భార్య తల మొత్తం తిప్పి నన్ను చూసింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరో కనిపెట్టిన మందుని ఇంకో దారిలో సేస్తాది. అది తప్పని అప్పుడన్నాను, ఇప్పటికీ అంటున్నాను. కానీ నేనేటి సేసేను? కాంపౌండర్ని, నాకు తెలీందేటని ఆ మందుని నా ఇష్టమొచ్చినట్టు నూరుకుని తాగేను. సావు దాకా ఎల్లేను. అప్పుడు మీరందరూ ప్రార్థన సేసేరు, నేనూ సేసేను. ఆ నూరిన మందుకి మన ప్రార్థన పన్జెయ్యలేదు. ఈ పిల్ల సెప్పినట్టు మింగేక పన్జేసింది. మరి దేవుడు ఎవరి పక్కనున్నాడో మీరే ఆలోసించుకోండి."

కూర్చున్నాడు. వెనకనుంచి దగ్గడానికి ఎవరూ లేరు. అయ్యగారు "ఆమెన్?" అన్నారు, అడిగినట్టుగా. తర్వాత పాట నంబరు ఎవరికీ దొరకలేదు.

చర్చి బయట ఆయనకన్నా ముందు నడిచేశాను. ఊరంతటి ముందూ దొంగని చేసినందుకు మండిపోతోంది. కళ్ళు మాత్రం వేరే కారణంతో మండుతున్నాయి, ఆ కారణం నాకు బాగా తెలుసు. నా పని గురించి ఆయన నోట అంత మంచి మాట అంతకుముందు నేను వినలేదు. ఆ మాటకి ఆయన చెల్లించుకున్నాడు కూడా. సాక్ష్యాల బాధ్యత ఆయన దగ్గర్నుంచి తీసి ఇంకొక పెద్దకి ఇచ్చారు, వచ్చే ఆదివారం మాట సరిదిద్దుకుంటే తిరిగి ఇస్తామన్నారు. "సరిదిద్దడానికి అందులో అబద్ధమేటుంది?" అని ఊరుకున్నాడు.

సంఘం అలిగింది గాని, సంఘంలో కడుపుమంట లేనివాళ్ళు ఎవరు? వారం తిరక్కుండా ఒక్కొక్కరే మా అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. "అన్నగారండీ, తమరు సాక్ష్యంలో సెప్పిన ఆ దొంగ మందు మాకూ పనికొస్తాదేటండీ?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. డాక్టరుకి చూపించుకుని చీటీ తెస్తేనే మాట్లాడతానని ఆయన గదమాయించేవాడు. తెచ్చేవాళ్ళు. మెడికల్ షాపులో కూడా దొంగ మందు కావాలంటే షాపువాడికి అర్థమయ్యే స్థితికి వచ్చింది నర్సీపట్నం.

ఒక మధ్యాహ్నం నేను లోపల అన్నం తింటున్నాను. అరుగు మీద ఎవరో ముసలాయన గొంతు. "బాబుగారండీ, ఈ గొట్టం గొంతుకి అడ్డం పడతాది. ఇప్పి, మజ్జిగలో కలుపుకు తాగీమంటారా?"

"ఇప్పకు" అన్నాడు మా నాన్న. "నూరకు. మజ్జిగలో కలపకు. కలిపితే నాలాగ పడతావు. నీళ్ళతో గొట్టం గొట్టంగా మింగీ, బేగి దిగుతాది."

"ఎందుకంటారు?"

"ఎందుకేటి? ఆ గింజలకి పూతుంటాది. సేసినోళ్ళు ఎంతో ఆలోసించి ఏసేరు. నాకన్నా ఆళ్ళకి తెలుసు. లోపల అన్నం తింటంది సూడు, ఆ పిల్లనడుగు కావాలంటే."

నాకన్నా వాళ్ళకి తెలుసు అని మా నాన్న ఇంకొకరి మందు గురించి అనడం, ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నేను అంతకుముందు వినలేదు. మా అమ్మ మజ్జిగ పోస్తూ నా మొహం చూసి, ఇంకాస్త పోసింది.

ఒక చిన్న సంగతి ఉంది. మా ఫ్యాక్టరీ చేసేది పొడి ఒక్కటే. ఆ పొడిని గింజలు చేసి, అంత తెలివిగా పూత వేసింది మేం కాదు, నేను కళ్ళతో చూడని ఏదో ఊళ్ళో ఇంకెవరో. ఆ మాట న్యాయంగా వాళ్ళకి చెందాలి. నేనే తీసేసుకున్నాను, మా నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు, ఎవరొచ్చి అడిగినా తిరిగివ్వను.